సంతకం పడని కార్బన్ కాపీ

మా ఆఫీసు రిసెప్షన్‌లో ఒక బోర్డు ఉండేది. పైన "మన సర్వర్ ఆగకుండా నడుస్తున్న రోజులు" అని రంగుల్లో రాసి, కింద నాలుగు మేకులు కొట్టారు. ఆ మేకులకు అంకెల రేకులు తగిలించాలి. రోజూ పొద్దున తొమ్మిదిన్నరకి స్టూలెక్కి ఆ అంకె మార్చేవాణ్ణి నేనే. సోమవారం రెండు పెంచేవాణ్ణి, ఆదివారం సెలవు కాబట్టి. శుక్రవారం దానికి పసుపూ కుంకుమా, మూరెడు చామంతి దండ. రెండున్నరేళ్ల పైచిలుకు ఈ పని చేశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, అందుకే మొదటే చెప్పేస్తున్నాను.

నా పేరు వరహాలబాబు. మాది బొబ్బిలి దగ్గర, కాపురం కాప్రాలో. రాణిగంజ్‌లో ఆస్పత్రులకి మందులు సరఫరా చేసే ఒక కంపెనీలో కరెంటు, ఏసీలు, యూపీఎస్ బ్యాటరీలు చూసుకునేవాణ్ణి. ఇది రెండువేల ఆరు నాటి మాట. అప్పుడు పేపరు తిరగేస్తే కంప్యూటరు ఉద్యోగమంటే మాదాపూర్ అద్దాల మేడలే, ఏసీ కార్లే, మెడలో కార్డులే. సికింద్రాబాద్‌లో సిటీ బస్సు దిగి, పాత బిల్డింగు రెండో అంతస్తులో, ఎండాకాలంలో కూడా స్వెట్టరు వేసుకుని సర్వర్ గదిలో నిలబడి పనిచేసే మనుషులు ఉన్నారని ఒక్కడూ రాయలేదు. జెరూషా గురించి అసలే రాయలేదు. నేను రాస్తున్నాను. కోపంగానే రాస్తున్నాను.

జెరూషా మౌలాలి రైల్వే క్వార్టర్స్ పిల్ల. అప్పటికి ఇరవై ఏడేళ్లుంటాయి. ఒక కాంట్రాక్టరు ద్వారా మా కంపెనీకి సర్వర్లు చూసుకోవడానికి వచ్చింది. పర్మనెంటు చేస్తామని ఆశ పెట్టి తెచ్చారు. మనిషి మెత్తగానే మాట్లాడుతుంది. చేతిలో ఒక టిఫిను డబ్బా, ఒక పొడుగాటి అట్ట పుస్తకం, ఆ పుస్తకంలో ఎప్పుడూ ఒక కార్బన్ పేపరు. కంప్యూటరు మీద పనిచేసే పిల్లకి కార్బన్ పేపరెందుకని ఆఫీసులో అందరూ నవ్వేవారు. నేనూ నవ్వాను.

అది వాళ్ల నాన్న సైలస్ గారి అలవాటు. ఆయన ముప్పై నాలుగేళ్లు రైల్వేలో సిగ్నళ్లు బాగుచేసి రిటైరయ్యాడు. రైల్వేలో సిగ్నల్ మీద చెయ్యి వేసే ముందు స్టేషన్ మాస్టరుకి "ఫలానాది విప్పుతున్నాను" అని కాగితం రాసి ఇవ్వాలి. మాస్టరు సంతకం పెట్టాకే స్క్రూడ్రైవరు తియ్యాలి. మళ్లీ బిగించాక ఇంకో కాగితం, ఇంకో సంతకం. ఆ మహానుభావుడు ఇంట్లో మిక్సీ విప్పినా భార్య చేత సంతకం పెట్టించుకునేవాడట. కూతురు అదే వాతావరణంలో పెరిగింది. పనికి ముందు కాగితం, పని తర్వాత కాగితం. ఒకటి ఇచ్చేది, ఒకటి దాచుకునేది.

చేరిన మూడో వారంలో ఒక మధ్యాహ్నం జెరూషా నా గదికి వచ్చి, టిఫిను డబ్బా మూత తియ్యకుండానే చెప్పింది.

"అన్నా, మన సర్వర్‌లో సొంత డిస్క్ లేదు. డిస్కులన్నీ పక్క క్యాబినెట్‌ల ఉన్నయ్. సర్వర్‌కు రెండు కార్డులు, రెండు కేబుళ్లు. ఒక కేబుల్ పోతే రెండో కేబుల్ మీద నడవాలె. తోవ మార్చే సాఫ్ట్‌వేర్‌ను మల్టీపాత్ అంటరు. ఆర్డర్ల డిస్కుకు పెట్టిన్రు, స్టాకు డిస్కుకు పెట్టిన్రు. సర్వర్ ఏ డిస్కు మీదికెళ్లి లేస్తదో, ఆ బూట్ డిస్కుకు మాత్రం పెట్టలే."

"ఎందుకు పెట్టలేదటమ్మా?"

"దానికి పెట్టాలంటే సర్వర్ లేచేటప్పుడు చదివే ఫైల్‌ను సుత కొత్తగా తయారుచేసి రీస్టార్ట్ చెయ్యాలె. నాకంటె ముందు చేసిన పాతోళ్లకు ఓపిక లేకుండె. ఆ ఒక్క డిస్కును లిస్టులకెళ్లి తీసేసిన్రు. రిపోర్టుల మాత్రం అన్ని డిస్కులకు అయ్యింది అని రాసిన్రు."

నాకు అర్థమైనంతలో చెప్పాను. "అంటే చేతులకీ కాళ్లకీ రెండేసి నరాలు పెట్టి, తలకాయకి ఒక్కటే పెట్టారన్నమాట."

"అంతే అన్నా. ఆ ఒక్కటి తెగిందంటే చేతులు, కాళ్లు బాగుండి ఏం ఫాయిదా?"

ఆ మధ్యాహ్నమే కాగితం రాసింది. మార్చి ఇరవై ఏడు, సోమవారం. బోర్డు మీద ఎనిమిది వందల యాభై మూడు. కాగితంలో మూడే ముక్కలు. సర్వర్ బూట్ డిస్క్ ఒకే దారి మీద ఉంది. ఆ దారి తెగితే సర్వర్ మొత్తం ఆగుతుంది. ఒక ఆదివారం మూడు గంటలు, రెండు రీస్టార్టులు ఇస్తే సరిచేస్తాను. ఆదివారం పొద్దున చర్చిలో పాట పాడే పిల్ల అది. ఆ ఆదివారాన్ని తనంతట తనే వదులుకుంటానని రాసింది. దానికి ఎవరైనా దండం పెట్టాలి.

మా మేనేజరు సుబ్బరాజు గారు దండం పెట్టలేదు. ఈయనది భీమవరం వైపు. తెల్లటి చొక్కా, చల్లటి మాట. ఆయన గదిలో ఏసీ నీళ్లు కారుతోందంటే చూడ్డానికి వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను.

"రీస్టార్టా?" అన్నాడు. "ఎనిమిది వందల యాభై మూడు రోజులమ్మా! వెయ్యో రోజుకి ఎండీ గారు బెంగళూరు నుంచి వస్తున్నారు. ఆ రోజు దాటాక నీ ఇష్టం, పదిసార్లు చేసుకో."

"అప్పటిదాంక కేబుల్ ఆగుతదో లేదో సార్."

"నడుస్తున్నదాన్ని కదపడం ఏంటమ్మా? బుద్ధున్నవాడు ఎవడైనా చేస్తాడా?"

"అయితే నేను చెప్పిన అని సంతకం పెట్టండి సార్."

"ఈ రైల్వే చాదస్తం నా దగ్గర వద్దు" అని కాగితాన్ని రెండు వేళ్లతో వెనక్కి తోసేశాడు. బల్లమీద పడ్డ కాఫీ చుక్కని తోసినట్టు తోశాడు. నాకు ఒళ్లు మండింది. మండి ఏం చేశాను? ఏసీ గొట్టం వైపు చూస్తూ నిలబడ్డాను.

బయటికొచ్చాక జెరూషా కార్బన్ కాపీ నా ముందు పెట్టింది. "అన్నా, 'ఇచ్చింది, తీసుకోలేదు' అని సాక్షి సంతకం పెట్టవా జెర."

పెట్టాను. మూలకి, చీమ తల అంత పెట్టాను. మర్నాడు పొద్దున స్టూలెక్కి ఎనిమిది వందల యాభై నాలుగు తగిలించాను. అదీ నా నిర్వాకం.

నాలుగు నెలలు గడిచాయి. ఆ పిల్ల నెలకోసారి అడిగేది, ఆయన నెలకోసారి నవ్వేవాడు. జులై నెలాఖరుకి సుబ్బరాజు గారికి ఇంకో ఆలోచన వచ్చింది. వెయ్యో రోజు ఎండీ గారికి సర్వర్ రిసెప్షన్ నుంచే కనపడాలట. గోడ తీసి అద్దం పెట్టించాలట. తొట్టెలో చేపని చూసినట్టు చూస్తారట! వడ్రంగులు దిగారు. సర్వర్ వెనకవైపుకి ఎవరూ వెళ్లొద్దని నేను చెప్పాను, జెరూషా కాగితం రాసి అంటించింది. ఆగస్టు ఎనిమిది, మంగళవారం, పదకొండూ ఇరవైకి నేను బ్యాటరీల గదిలో ఉండగా ఒకడు చెక్క పలకని తీసుకెళ్లి సరిగ్గా ఆ వెనక్కే ఆనించాడు. వాణ్ణి అని ఏం లాభం, వాడికి కావలసింది చోటు. ఆ కేబుల్లో ఉండేది వెంట్రుకంత గాజు పోగు. పలక కింద మడత పడి, బూట్ డిస్కు నడిచే ఎడమవైపు కేబుల్ పుటుక్కుమంది.

ఆర్డర్ల డిస్కు కుడి కేబుల్ మీదికి మారిపోయింది. స్టాకు డిస్కు మారిపోయింది. బూట్ డిస్కుకి మారే దారి లేదు. సర్వర్ దీపాలన్నీ పచ్చగా వెలుగుతూనే ఉన్నాయి, పిలిస్తే మాత్రం పలకదు. మార్చి ఇరవై ఏడున ఆ పిల్ల రాసింది రాసినట్టు జరిగింది.

తర్వాత ఐదు గంటలు ఫోన్లు ఆగలేదు. తిరుమలగిరి వైపు ఒక ఆస్పత్రి వాళ్లు ఇన్సులిన్ బండి బయల్దేరిందా అని నాలుగుసార్లు అడిగారు. ఏ బండిలో ఏముందో చెప్పగలిగే నాథుడు లేడు. గుమాస్తాలు తెల్లకాగితాల మీద ఆర్డర్లు రాసుకుంటూ చెమటలు కక్కారు. జెరూషా ఒక్కతే ఆ చల్లటి గదిలో నిలబడి, ఎడమ కార్డు నుంచి లేవమని ఉన్న సర్వర్‌ని కుడి కార్డు నుంచి లేచేలా మార్చుకుంటూ పోయింది. వెనక సుబ్బరాజు గారు రెండు నిమిషాలకోసారి "అయిందా? అయిందా?"

సర్వర్ కుడి కేబుల్ మీద లేచింది. "హమ్మయ్య, ఇక వదిలెయ్" అన్నాడు.

"వదల సార్. ఇప్పుడు ఉన్నది ఈ ఒక్క తోవే. ఎట్లయినా ఆగే ఉంది, పని పూర్తి చేస్తా."

పూర్తి చేసింది. పాతవాళ్లు లిస్టులోంచి తీసేసిన డిస్కుని మళ్లీ చేర్చింది, లేచేటప్పుడు చదివే ఫైలు కొత్తగా తయారుచేసింది, మళ్లీ రీస్టార్ట్ చేసింది, ఎడమవైపు కొత్త కేబుల్ వేసింది. రెండు దారులూ కనిపిస్తున్నాయని తెరమీద నాకు చూపించింది. నేను బాగుందన్నాను. తను తల అడ్డంగా ఊపి, సుబ్బరాజు గారు ఫోన్లో ఉన్న సమయం చూసి, ఎడమ కేబుల్ పీకేసింది. సర్వర్ నడుస్తూనే ఉంది. దాన్ని పెట్టి, దారి తిరిగి వచ్చేదాకా ఆగి, కుడిది పీకింది. నడుస్తూనే ఉంది. అప్పుడు పుస్తకం తీసి "సరిగా ఉంది" అని రాసింది. టైము నాలుగూ ఇరవై.

మర్నాడు బుధవారం. నేను స్టూలెక్కి పాత అంకెలు తీసి ఒకటి తగిలించబోయాను. వెనక నుంచి సుబ్బరాజు గారు.

"ఏంటండీ అది? తొమ్మిది వందల ఎనభై ఎనిమిది పెట్టండి."

"నిన్న ఆగిపోనాది కదండీ."

"ఐదు గంటలేగా. రోజంతా ఆగలేదుగా? పెట్టండి పెట్టండి, పనుంది నాకు."

పెట్టాను. అవును, పెట్టాను. ఇద్దరు పిల్లల ఫీజులు గుర్తొచ్చాయి, చెయ్యి దానంతటదే వెళ్లింది.

అదే రోజు మధ్యాహ్నం జెరూషాని పిలిచి ఒక ఉత్తరం ఇచ్చాడు. ఆమె నిర్లక్ష్యం వల్ల, ముందస్తు హెచ్చరిక ఏదీ లేకుండా, సర్వర్ ఐదు గంటలు ఆగిపోయిందట. నెలాఖరుతో కాంట్రాక్టు ముగింపు అట. కింద "అంగీకరిస్తున్నాను" అని ఆమె సంతకం పెట్టాలట. పెడితే కాంట్రాక్టరుకి నాలుగు మంచి మాటలు చెప్పి పంపిస్తాడట, పెట్టకపోతే చెడ్డగా పంపిస్తాడట. ఎలా పోయినా ఆ మచ్చతో కాంట్రాక్టరు ఇంకెక్కడా పని ఇవ్వడు.

ఇక్కడ నాకు పట్టిన కోపం ఇప్పటికీ దిగలేదు. ఒక్క మనిషి, ఒక్క రోజు! పొద్దున రిసెప్షన్‌లో సర్వర్ ఆగనే లేదు. మధ్యాహ్నం గదిలో ఈ పిల్ల సర్వర్‌ని ఆపేసింది. ఆగని సర్వర్‌ని ఎలా ఆపుతారండీ ఎవరైనా? ఎంత బరితెగింపు ఉండాలి!

జెరూషా అరవలేదు, ఏడవలేదు. ఉత్తరం మడిచి ఆయన బల్లమీదే పెట్టింది. "నా కాగితం మీద మీరు సంతకం పెట్టలే సార్. మీ కాగితం మీద నేను పెట్ట" అని వచ్చేసింది.

ఆదివారం మౌలాలి వెళ్లాను. చర్చి నుంచి అప్పుడే వచ్చారు తండ్రీ కూతుళ్లు. సైలస్ గారు కుర్చీ వేసి, టీ పోయించారు. సన్నటి మనిషి, ఎదటివాడు చెప్పేది చివరిదాకా వినే అలవాటు. నేను సుబ్బరాజుని తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టాను. ఎండీకి చెప్పాలన్నాను, గొడవ చెయ్యాలన్నాను, ఊగిపోయాను. ఆయన అంతా విన్నాడు.

"కేబుళ్లు పీకి చూసినవా బిడ్డా?" అని కూతుర్ని అడిగాడు, మొదటిసారి వింటున్నట్టు.

"రెండూ చూసిన డాడీ."

"అగో, అదీ. బాగ చేసినంక బాగుందా అని చూస్తే ఏం తెలుస్తది బాబూ? చెడగొట్టి చూడాలె. తీగ పీకితే సిగ్నల్ ఎర్ర పడాలె. పడిందంటే అప్పుడు సంతకం పెట్టాలె." టీ ఊదుకున్నాడు. "ఆ బోర్డు మీద అంకె ఎవరు మారుస్తరు?"

"నేనేనండి" అన్నాను.

"అది సుత సిగ్నలే కద" అన్నాడు.

బిస్కెట్ల ప్లేటు నా వైపు జరిపాడు. నేను సుబ్బరాజు మీద అరిచిన అరుపులన్నీ నా మీదికే తిరిగొచ్చి కూచున్నాయి. అంత సిగ్గు నా జన్మలో పడలేదు.

ఆగస్టు ఇరవై ఒకటి, సోమవారం, వెయ్యో రోజు. అద్దం బిగించారు, బెలూన్లు కట్టారు. కేకు మీద వెయ్యి అని క్రీముతో రాయించారు. బోర్డుకి ఎర్ర శాటిను గుడ్డ కప్పి తాడు వేలాడదీశారు, ఎండీ గారు లాగడానికి. పొద్దున అంకె తగిలించాల్సింది ఎప్పట్లాగే నేనే. స్టూలెక్కాను, గుడ్డ కింద చెయ్యి పెట్టాను, తగిలించి దిగాను. సుబ్బరాజు గారు దూరం నుంచి చూసి బొటనవేలు ఎత్తి చూపించాడు.

ఎండీ రామ్మోహనరావు గారు పదకొండింటికి వచ్చారు. ఉపన్యాసాలయ్యాయి. ఆయన తాడు లాగారు. అంకె చూడకముందే అందరూ చప్పట్లు మొదలుపెట్టారు. చూశాక ఒక్కొక్కరే ఆపారు.

బోర్డు మీద పదమూడు ఉంది.

"పదమూడేమిటి?" అన్నారు ఎండీ గారు.

"పొరపాటు సార్, ఈయన ఎలక్ట్రీషియను, ఏదో..." సుబ్బరాజు గారు నా చెయ్యి పట్టుకున్నాడు.

నేను చెయ్యి విడిపించుకున్నాను. "పొరపాటు ఏటీ కాదండీ. మొన్న ఎనిమిదో తారీకు మంగళారం సర్వర్ ఆగిపోనాది, ఈ రోజుకి పదమూడు రోజులండి. ఆగలేదంటారా, ఈ అమ్మాయి ఆపేసిందని రాసిన ఉత్తరం అబద్ధం. ఆగిందంటారా, వెయ్యి అబద్ధం. రెండు అబద్ధాలూ ఒకేసారి ఎలాగ నిలబెడతారండీ? ఏదో ఒకటి ఉంచుకోండి."

ఎండీ గారు "ఏ అమ్మాయి?" అన్నారు. జెరూషా ముందుకొచ్చి పుస్తకం తెరిచి ఇచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని కార్బన్ కాపీ చదివారు. నీలం అక్షరాలు కొంచెం అలుక్కుపోయాయి గానీ తేదీ స్పష్టంగా ఉంది.

"ఈ మూల సాక్షి సంతకం ఎవరిది?"

"నాదేనండి."

"ఇంత చిన్నగా పెట్టారేం?"

"భయపడి పెట్టానండి."

ఆయన పుస్తకం తిరిగిచ్చి సుబ్బరాజు వైపు తిరిగారు. నేను పిడుగు పడుతుందనుకున్నాను. ఏం పడలేదు. పెద్దవాళ్ల కోపం అద్దకపు చీర రంగు లాంటిది, మొదటి నీళ్లకే పోతుంది. ఉత్తరం వెనక్కి తీసుకోమన్నారు, మిగతాది మీలో మీరు చూసుకోండన్నారు, వాచీ చూసుకున్నారు. పర్మనెంటు మాట ఎత్తలేదు. తర్వాత కూడా ఎవరూ ఎత్తలేదు. ఇన్సులిన్ కోసం నాలుగుసార్లు ఫోను చేసిన ఆస్పత్రి మాట అసలే రాలేదు. కేకు మాత్రం కోశారు, వెయ్యి అన్న అక్షరాల మీదుగానే కోశారు. తినేవాళ్లు తిన్నారు కూడా!

వెళ్లబోతూ ఎండీ గారు పెద్దమనసు చేసుకుని ఆగారు. "నీకేమైనా కావాలా అమ్మా?"

అందరూ చెవులు రిక్కించారు. ఉద్యోగం అడుగు తల్లీ, అడుగు, అని నేను లోపల్లోపల గింజుకుంటున్నాను.

జెరూషా పుస్తకం సుబ్బరాజు గారి ముందు పెట్టింది. "ఈ కాగితం తీసుకున్న అని సార్ సంతకం కావాలె సార్" అంది.

సుబ్బరాజు గారు నా జేబులోంచే పెన్ను లాక్కున్నాడు. కోపంగా, బరబరా, పెద్ద సంతకం పెట్టాడు. కింద తేదీ వేశాడు. మార్చి ఇరవై ఏడు, రెండువేల ఆరు. పుస్తకం మూసేసి ఆమె వైపు తోశాడు.

జెరూషా పుస్తకం తెరిచి చూసింది. మళ్లీ ఆయన వైపు తిప్పింది.

"సార్, ఆ తేదీ కొట్టేయండి. మీరు తీసుకున్నది ఈరోజు."

ఆయన ఎండీ గారి వైపు చూశాడు, నా వైపు చూశాడు. కొట్టేసి, ఆగస్టు ఇరవై ఒకటి అని రాశాడు.